నంబరు వెనక పేరు



జుజువాడి చెక్‌పోస్టు పక్కన చింతచెట్టు కింద కూచుని, వచ్చే పోయే బళ్ళ నంబర్లు చదవడం మా చిన్నప్పటి ఆటల్లో ఒకటి. హోసూరు ప్రాంతపు పిల్లలం మేము. పలకకు ఒకవైపు తెలుగు, మరోవైపు తమిళం దిద్దుకున్నవాళ్ళం. ఇంగ్లీషు అక్షరాలు మాత్రం పుస్తకంకంటే ముందు లారీలమీదే పరిచయమయ్యాయి. టి.ఎన్. అంటే మనది. కె.ఏ. అంటే అత్తిబెలె అవతలిది. ఏ.పి. అంటే కుప్పం వైపునుంచి వచ్చింది. ఏ.పి. బండి కనబడితే రెండు మార్కులు, ఎందుకంటే అది అరుదు, పైగా మేనమామ ఊరివైపు బండి. నంబరు చదివి సంతోషపడేవాళ్ళం గాని, ఆ బండి ఎవరిదో, ఆ మనిషి ఇల్లెక్కడో అనే ప్రశ్న మాకు తట్టలేదు. తట్టినా చెప్పేవాళ్ళు లేరు.

ఆ ప్రశ్నకు జవాబు ఒక సర్కారు రిజిస్టరులో ఉంటుంది. బండి నడిపే ప్రతి ఒక్కరూ తన పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, ఇంటి చిరునామా, ఫోటో, వేలిముద్ర, సంతకం అక్కడ ఇచ్చివస్తారు. ఇవ్వకపోతే లైసెన్సు రాదు. లైసెన్సు లేకపోతే ఆటో తోలేవాడికి కూడు లేదు, పాలు పోసేవాడికి బేరం లేదు. అట్లా తప్పనిసరిగా ఇచ్చిన వివరాలు ఎవరివి? ఇచ్చినవాడివా, రాసుకున్న ఆఫీసువా? అడిగినవాళ్ళకల్లా చెప్పవచ్చునా? అమ్ముకోవచ్చునా? ఈ ప్రశ్నలకు ఒక చరిత్ర ఉంది. అందులో ఎక్కువ భాగం అమెరికాలో జరిగింది. కొంత మన మద్రాసులో, బెంగళూరులో, ఢిల్లీలో జరిగింది. ఈవేళ ఆ కథే మీకు మనవి చేస్తాను.

మొదట నంబరు ప్లేటు ఎట్లా పుట్టిందో చూద్దాం. 1893 ఆగస్టులో పారిస్ నగర పోలీసులు ఒక ఉత్తర్వు తెచ్చారు. మోటారు బండి ఉన్నవాళ్ళు ఒక లోహపు రేకుమీద తమ పేరు, చిరునామా, వాటితోపాటు ఒక సంఖ్య రాయించి బండికి తగిలించాలి. వినడానికి వింతగా ఉంది గదా. మన స్కూటరు వెనకాల ఫలానా మునెప్ప కొడుకు ఫలానా వెంకటేశు, రామాలయం వీధి, మూడో ఇల్లు అని రాసి ఉంటే, దాన్ని చదువుకుంటూ బస్సు డ్రైవరు మన వెనకే వస్తుంటే ఎట్లుంటుందో ఊహించుకోండి. 1901లో న్యూయార్కు రాష్ట్రంలో మరో పద్ధతి పెట్టారు. యజమాని పేరులోని పొడి అక్షరాలు బండిమీద రాయించాలన్నారు. ఒకే పొడి అక్షరాలవాళ్ళు ఎంతమంది ఉంటారో లెక్కవేస్తే ఆ పద్ధతి ఎందుకు నిలవలేదో తెలుస్తుంది. 1903లో మసాచుసెట్స్ రాష్ట్రం తానే నంబరు రేకులు తయారుచేసి ఇవ్వడం మొదలుపెట్టింది. అదే ఏడు బ్రిటన్‌లోనూ మోటారు కార్ల చట్టం వచ్చి, ప్రతి బండికీ అక్షరాలు, అంకెలు ఏర్పడ్డాయి. మన దేశంలో మొదటి మోటారు వాహనాల చట్టం 1914లో, రెండోది 1939లో వచ్చాయి.

ఇట్లా పేరు రోడ్డుమీదనుంచి లేచి రిజిస్టరులోకి పోయింది. బండికి నంబరు మిగిలింది. దీనివల్ల ఒక మేలు జరిగింది. దాన్ని అప్పట్లో ఎవరూ మేలుగా తలచి చేసినట్టు కనబడదు. ఎదుటివాడికి నంబరు కనిపిస్తుంది, మనిషి కనిపించడు. మధ్య ఒక తెర పడింది. ప్రమాదం జరిగితే, నేరం జరిగితే పోలీసులు తెర ఎత్తి చూస్తారు. మిగతా రోజుల్లో దించి ఉంటుంది. తెర తాడు మాత్రం రిజిస్టరు దగ్గర కూచున్న గుమాస్తా చేతిలో ఉంది.

అమెరికాలో ఆ తాడు చాలాకాలం ఎవరు లాగితే వారికి ఊడివచ్చేది. అక్కడ లైసెన్సులు, రిజిస్ట్రేషన్లు రాష్ట్రాల పని. ఒక్కొక్క రాష్ట్రానికి ఒక్కొక్క మోటారు వాహనాల శాఖ. సర్కారు రికార్డు అంటే ప్రజల రికార్డు, ఎవరైనా చూడవచ్చు అన్నది అక్కడి పాత మర్యాద. అందులో మంచి లేకపోలేదు. సర్కారు ఏం చేస్తున్నదో జనం చూడగలగాలంటే కాగితాలు తెరిచి ఉండాలి గదా. కాని ఆ మర్యాద ప్రకారమే, ముప్పైకి పైగా రాష్ట్రాల్లో, రోడ్డుమీద చూసిన కారు నంబరు ఒక చీటీమీద రాసుకుపోయి, కొద్ది డాలర్లు కట్టి, యజమాని పేరు, ఇంటి చిరునామా పట్టుకుని బయటికి రావచ్చు. ఎందుకు అని అడిగేవారు లేరు.

1989 జూలై 18న లాస్ ఏంజెలెస్‌లో ఏం జరిగిందో చెబుతాను. రెబెక్కా షాఫర్ అనే నటి ఉండేది. వయసు ఇరవయ్యొక్క ఏళ్ళు. మై సిస్టర్ సామ్ అనే టీవీ ధారావాహికతో పేరు తెచ్చుకున్నది. అరిజోనా రాష్ట్రంలోని టూసన్‌లో ఉండే పంతొమ్మిదేళ్ళ కుర్రవాడొకడు ఆమె మీద పిచ్చి పెంచుకున్నాడు. ఉత్తరాలు రాశాడు. స్టూడియోకు పోయాడు. కాపలావాళ్ళు వెనక్కి పంపారు. ఆమె ఇల్లు ఎక్కడో తెలియదు. అప్పుడతను ఒక ప్రైవేటు డిటెక్టివు ఏజెన్సీకి 250 డాలర్లు ఇచ్చాడు. వాళ్ళు కాలిఫోర్నియా మోటారు వాహనాల శాఖ రికార్డులనుంచి ఆమె చిరునామా తీయించి ఇచ్చారు. దొంగతనం లేదు, లంచం లేదు. అతను ఆ చిరునామాకు పోయి తలుపు గంట నొక్కాడు. ఆమె వచ్చి మాట్లాడి పంపేసింది. కాసేపటికి మళ్ళీ వచ్చి గంట నొక్కాడు. తలుపు తీసిన ఆమెను గుమ్మంలోనే కాల్చి చంపాడు.

ఆమె చేసిన పొరపాటు ఏమిటి? కారు నడపడానికి లైసెన్సు తీసుకుంది. దరఖాస్తులో నిజమైన చిరునామా రాసింది. అంతే.

ఇక్కడ ఒక చిన్న విషయం చెప్పి ముందుకు పోతాను. అదే నెల మొదటి తేదీన, అంటే 1989 జూలై 1న, మన దేశంలో 1988 నాటి మోటారు వాహనాల చట్టం అమలులోకి వచ్చింది. మా చెక్‌పోస్టు ఆటలోని టి.ఎన్., కె.ఏ., ఏ.పి. అక్షరాలు ఆ రోజునుంచి వచ్చినవే. యానాం బళ్ళమీద కనబడే పి.వై. కూడా అదే వరస. దేశమంతా ఒకే తీరు నంబర్లు, ఒకే తీరు రిజిస్టర్లు ఏర్పడుతున్న ఆ నెలలోనే, భూమికి ఆ చివర రిజిస్టరు వల్ల ఒక ప్రాణం పోయింది. మనవాళ్ళు ఎవరూ ఈ రెండింటినీ కలిపి చూసి ఉండరు. చూడవలసిన అవసరమూ అప్పటికి లేదు. మన రిజిస్టర్లు ఎర్రగుడ్డ అట్టలతో బీరువాల్లో ఉండేవి. వాటిలో ఒక పేరు వెతకాలంటే గుమాస్తాకే ఒక పూట పట్టేది. ఆ ఆలస్యమే ఒక కాపలా.

కాలిఫోర్నియా ఈ హత్య తర్వాత తన రికార్డుల్లోని ఇంటి చిరునామాలకు అడ్డుకట్ట వేసింది. వెంటాడి వేధించడాన్ని నేరంగా చేస్తూ 1990లో చట్టం కూడా చేసింది. మిగతా రాష్ట్రాల సంగతి? ఆ ప్రశ్నను కాంగ్రెసులో లేవదీసినవాళ్ళు కాలిఫోర్నియా సెనేటరు బార్బరా బాక్సర్, వర్జీనియా ప్రతినిధి జిమ్ మోరన్. వాళ్ళు చూపిన ఉదాహరణలు సినిమా తారలవి మాత్రమే కావు. అయోవాలో కొందరు దొంగలు ఖరీదైన కార్ల నంబర్లు రాసుకుని, చిరునామాలు తీయించి, ఆ ఇళ్ళకు కన్నాలు వేశారు. కాలిఫోర్నియాలో ఒకడు యువతుల కారు నంబర్లు చూసి, ఇళ్ళు కనుక్కొని, బెదిరింపు ఉత్తరాలు రాశాడు. గర్భస్రావాన్ని వ్యతిరేకించేవాళ్ళు కొందరు ఆస్పత్రుల ముందు నిలబడి, వచ్చిన బళ్ళ నంబర్లతో డాక్టర్ల, రోగుల ఇళ్ళు కనుక్కున్నారు. నంబరు ప్లేటు దాచడానికి వీల్లేదు, అది నేరం. కనబడే నంబరునుంచి ఇంటికి దారి చూపేది సర్కారే అయితే ఆ ఆడమనిషి ఎక్కడ దాక్కోవాలి?

దీనికి ఇంకో ముఖం డబ్బు. రాష్ట్రాలు ఈ వివరాలను ఒక్కొక్కటిగా ఇవ్వడమే గాక, టోకున అమ్మేవి. కొనేవాళ్ళు సరుకుల ప్రచారం చేసుకునే కంపెనీలు. ఒక్క విస్కాన్సిన్ రాష్ట్రానికే ఈ అమ్మకం మీద ఏడాదికి సుమారు 80 లక్షల డాలర్లు వచ్చేవని తర్వాత సుప్రీంకోర్టు తీర్పులోనే నమోదైంది. పొడుగువాళ్ళ జాబితా కావాలా, అరవై దాటినవాళ్ళ జాబితా కావాలా, కళ్ళద్దాలవాళ్ళ జాబితా కావాలా, అన్నీ లైసెన్సు దరఖాస్తుల్లో ఉన్నవే గదా.

1994 సెప్టెంబరు 13న అధ్యక్షుడు క్లింటన్ ఒక పెద్ద నేర నిరోధక చట్టంమీద సంతకం చేశాడు. దాని లోపల ఒక భాగంగా డ్రైవర్ల గోప్యతా రక్షణ చట్టం ఉంది. రాష్ట్రాలు సర్దుకోవడానికి మూడేళ్ళు గడువిచ్చి 1997 సెప్టెంబరునుంచి అమలు చేశారు. పేరు, చిరునామా, ఫోటో, ఫోను నంబరు, లైసెన్సు నంబరు, ఆరోగ్యానికి, అంగవైకల్యానికి సంబంధించిన వివరాలు శాఖవాళ్ళు బయటపెట్టకూడదు. ప్రమాదాలు, ట్రాఫిక్ నేరాలు, లైసెన్సు చెల్లుబాటులో ఉందా లేదా అన్నవి మాత్రం ఈ మరుగు కిందికి రావు. ఇది మంచి విభజన అని నా అభిప్రాయం. తాగి బస్సు నడిపినవాడి సంగతి జనానికి తెలియాలి. వాడి ఇల్లెక్కడో తెలియనక్కరలేదు.

చట్టంలో పద్నాలుగు మినహాయింపులున్నాయి. కోర్టులకు, పోలీసులకు, ఇన్సూరెన్సు కంపెనీలకు, లోపమున్న బళ్ళను వెనక్కి పిలిపించే తయారీదారులకు, లాక్కుపోయిన బండి యజమానికి కబురు పెట్టడానికి, ఇట్లా. అందులో ఎనిమిదోది చదివినప్పుడు నాకు ఆశ్చర్యం వేసింది. లైసెన్సు ఉన్న ప్రైవేటు డిటెక్టివులు, చట్టం అనుమతించిన పనులకోసమైతే, వివరాలు తీసుకోవచ్చు. షాఫర్ చిరునామా బయటికి వచ్చింది డిటెక్టివు ద్వారానే గదా! పని చట్టబద్ధమైనదా కాదా అని చెప్పేది ఆ డిటెక్టివే. అబద్ధం చెబితే శిక్ష ఉంది, నిజమే. కాని శిక్ష జరిగేది తర్వాత.

పత్రికలవాళ్ళు ఈ చట్టాన్ని వ్యతిరేకించారు. రికార్డులు మూసేస్తే నిజాలు ఎట్లా తవ్వాలి అన్నారు. వాళ్ళ మాట పూర్తిగా కొట్టివేయదగ్గది కాదు. రాష్ట్రాలు మరో కారణంతో ఎదురుతిరిగాయి. దక్షిణ కరోలినా రాష్ట్రపు అటార్నీ జనరల్ చార్లీ కాండన్ కోర్టుకెక్కాడు. మా రాష్ట్రపు రిజిస్టరు మాది, దాన్ని ఎట్లా నడపాలో చెప్పడానికి కేంద్రం ఎవరు అన్నది ఆయన వాదం. సరిహద్దు జిల్లాల్లో ఉండే మనకు ఈ రాష్ట్రం, కేంద్రం పేచీలు కొత్త కాదు. చిత్రమేమంటే, కింది కోర్టులోనూ, దానిపై కోర్టులోనూ ఆయనే గెలిచాడు.

ఆ వ్యాజ్యం నడుస్తుండగానే 1999 మొదట్లో ఒక వార్త బయటపడింది. ఆ దక్షిణ కరోలినాయే, తన డ్రైవర్ల లైసెన్సు ఫోటోలు 35 లక్షలు, ఒక్కొక్కటి ఒక సెంటు చొప్పున, న్యూ హాంప్‌షైర్‌లోని ఒక కంపెనీకి అమ్మింది. సెంటు అంటే డాలరులో నూరో వంతు. చెక్కుల మోసాలు పట్టుకోవడానికని కంపెనీ చెప్పింది. జనం మండిపడ్డారు. ఫ్లోరిడా, కొలరాడో రాష్ట్రాలు అట్లాంటి ఒప్పందాలనుంచి వెనక్కి తగ్గాయి. ఆ గొడవ ఫలితంగా 1999లోనే కాంగ్రెసు చట్టాన్ని బిగించింది. అంతకుముందు ప్రచార కంపెనీలకు ఇవ్వవద్దని డ్రైవరు నోరు తెరిచి చెబితేనే ఆపేవారు. ఇక డ్రైవరు సరేనని చెబితే తప్ప ఇవ్వకూడదు అన్నారు. మౌనం అంగీకారం కాదన్నమాట. చిన్న మార్పులా కనిపిస్తుంది గాని, మా బడిలో చేతులెత్తించే ప్రతి అయ్యవారికీ దీని బరువు తెలుసు. వద్దన్నవాళ్ళు చేతులెత్తండి అంటే ఇద్దరెత్తుతారు. కావాలన్నవాళ్ళు ఎత్తండి అన్నా ఇద్దరే ఎత్తుతారు.

2000 జనవరి 12న అమెరికా సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. రాష్ట్రం ఓడింది. తొమ్మిదిమందీ ఒకే మాట. తీర్పు రాసినవాడు ప్రధాన న్యాయమూర్తి రెన్‌క్విస్ట్, రాష్ట్రాల హక్కులకు గట్టి సమర్థకుడని పేరున్నవాడు. ఈ కథలో నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది ఆ తీర్పులోని తర్కం. గోప్యత మనిషి హక్కు గనుక ఈ చట్టం చెల్లుతుంది అని ఆ న్యాయమూర్తులు అనలేదు. డ్రైవర్ల వివరాలు రాష్ట్రం దాటి అమ్ముడయ్యే సరుకు. రాష్ట్రాల మధ్య జరిగే వ్యాపారాన్ని అదుపు చేసే అధికారం కాంగ్రెసుకు రాజ్యాంగం ఇచ్చింది. కనుక చెల్లుతుంది అన్నారు. ఉల్లిపాయల లారీకి వర్తించే సూత్రమే మనిషి చిరునామాకూ వర్తించింది. దారి ఏదైతేనేం, రక్షణ దొరికింది అనుకోవాలో, మనిషి పేరు సరుకుగా తేలిందని బాధపడాలో నాకు ఇప్పటికీ తేలలేదు.

చట్టం వచ్చినంతమాత్రాన తాడు లాగేవాళ్ళు ఆగలేదు. ఇల్లినాయ్‌లో ఒక ఊరి పోలీసులు రాత్రివేళ రోడ్డుపక్క నిలిపిన కారు అద్దానికి జరిమానా చీటీ తగిలించారు. దాని మీద యజమాని పేరు, చిరునామా, పుట్టిన తేదీ, ఎత్తు, బరువు అన్నీ అచ్చయి ఉన్నాయి. దారిన పోయేవారెవరైనా చదవవచ్చు. పారిస్ రేకు తిరిగి వచ్చినట్టే. ఇది బయటపెట్టడం కిందికే వస్తుందని 2012లో అక్కడి అప్పీలు కోర్టు చెప్పింది. మినెసోటాలో ఇంకో సంగతి బయటపడింది. ఉద్యోగం మానేసిన ఒక పోలీసు అధికారిణి లైసెన్సు రికార్డును, వందమందికి పైగా పోలీసులు, ఏ కేసూ లేకుండా, ఊరకే తెరిచి చూశారు. ఆమె ఎట్లా ఉందో చూద్దామని! దావా వేస్తే అక్కడి ఊళ్ళు, పట్టణాలు కలిసి పది లక్షల డాలర్లకు పైగా ఇచ్చుకోవలసి వచ్చింది. 2013లో సుప్రీంకోర్టు మరోసారి కలగజేసుకుని, ప్లీడర్లు కక్షిదారులను వెతుక్కోవడానికి ఈ రికార్డులు వాడరాదని తీర్పు చెప్పింది. ఆ తగాదా కూడా దక్షిణ కరోలినాదే. ఈసారి మాత్రం అయిదుగురు ఒకవైపు, నలుగురు ఒకవైపు.

ఇప్పుడు ఇంటికి వద్దాం. క్లింటన్ సంతకం చేసి నెల తిరగకముందే, 1994 అక్టోబరు 7న, మన సుప్రీంకోర్టు గోప్యత మీద ఒక ముఖ్యమైన తీర్పిచ్చింది. రాసినవారు తెలుగువారైన జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి. తగాదా మన తమిళనాడుది. మద్రాసులో ఆరు హత్యల కేసులో మరణశిక్ష పడిన ఆటో శంకర్ జైల్లో తన జీవితకథ రాశాడు. అందులో కొందరు అధికారుల పేర్లున్నాయట. నక్కీరన్ పత్రిక అచ్చువేయబోతే జైలు అధికారులు అడ్డుపడ్డారు. ఆ తీర్పులో జస్టిస్ జీవన్ రెడ్డి రెండు మాటలు చెప్పారు. తన మానాన తనను ఉండనిమ్మని అడిగే హక్కు ప్రతి పౌరుడికీ ఉంది, అది రాజ్యాంగం 21వ అధికరణంలో ఇమిడి ఉంది అన్నది మొదటిది. పబ్లిక్ రికార్డులో ఉన్న విషయాన్ని ప్రచురించడానికి మాత్రం ఈ హక్కు అడ్డం రాదు అన్నది రెండోది. అత్యాచారానికి గురైన ఆడవాళ్ళ పేర్లు రికార్డులో ఉన్నా బయటపెట్టకూడదని మినహాయింపు కూడా చేర్చారు.

కోర్టు రికార్డుల విషయంలో రెండో మాట సబబే. కాని లైసెన్సు రిజిస్టరు పబ్లిక్ రికార్డా? అక్కడ బాక్సర్, మోరన్ తేల్చుకోవలసి వచ్చిన ప్రశ్న అదే గదా. ఆ తీర్పు ఎదుట ఆ ప్రశ్న లేదు.

తర్వాతి అడుగు బెంగళూరునుంచి పడింది. కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి కె.ఎస్. పుట్టస్వామి, ఎనభై అయిదు దాటిన వయసులో, 2012లో ఆధార్ మీద సుప్రీంకోర్టుకు వెళ్ళారు. గోప్యత ప్రాథమిక హక్కే కాదని ప్రభుత్వం వాదించింది. అది తేల్చడానికి తొమ్మిదిమంది న్యాయమూర్తులు కూచోవలసి వచ్చింది. వారిలో కృష్ణా జిల్లావాడైన జస్టిస్ జాస్తి చలమేశ్వర్ ఒకరు. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమందీ ఒకే మాటగా గోప్యత ప్రాథమిక హక్కేనన్నారు. పుట్టస్వామిగారు 2024లో కన్నుమూశారు.

హక్కు ఉన్నదని తేలింది. మరి రిజిస్టరు? ఈలోగా ఎర్రగుడ్డ అట్టలు పోయాయి. బళ్ళ వివరాలు వాహన్ అనే కంప్యూటరు వ్యవస్థలోకి, లైసెన్సులు సారథి అనే వ్యవస్థలోకి చేరాయి. రాయచూరు బండి వివరం, రాయగడ బండి వివరం ఒకే చోట. గుమాస్తాకు ఒక పూట పట్టే పని ఒక్క క్షణంలో అవుతుంది. 2019 మార్చిలో, అంటే ఆ తీర్పు వచ్చిన రెండేళ్ళలోపే, కేంద్ర రోడ్డు రవాణా మంత్రిత్వశాఖ ఈ వివరాలను టోకున ఇచ్చే విధానం ప్రకటించింది. వ్యాపార సంస్థలకు ఏడాదికి 3 కోట్ల రూపాయలు, పరిశోధన చేసే విద్యాసంస్థలకు 5 లక్షలు. ఇచ్చిన వివరాలను వేరే జాబితాలతో జతచేస్తే మనిషి ఎవరో తెలిసిపోవచ్చునని ఆ విధాన పత్రంలోనే రాసి ఉంది. రాసి ఉన్నా అమ్మారు. 87 ప్రైవేటు కంపెనీలకు, 32 ప్రభుత్వ సంస్థలకు అందుబాటు ఇచ్చామని, 65 కోట్ల రూపాయలు వచ్చాయని ఆ జూలైలో మంత్రి రాజ్యసభకు తెలియజేశారు. గోప్యతకు భంగమని విమర్శలు రాగా 2020 జూన్‌లో ఆ విధానాన్ని రద్దుచేశారు. మొత్తం రాబడి నూరు కోట్లు దాటిందని 2021లో పార్లమెంటులో చెప్పారు. ఇచ్చేసిన వివరాలను వెనక్కి తీసుకోవడం ఎట్లాగో నాకు తెలియదు. పిండి విసిరాక గింజ ఏరలేం.

చూడండి, రెండు దేశాల్లో ఇది తలకిందులుగా జరిగింది. అక్కడ హక్కు మాట ఎత్తకుండానే డ్రైవర్లకంటూ ఒక చట్టం నిలబడింది. ఇక్కడ హక్కు రాజ్యాంగమంత ఎత్తున నిలబడింది గాని, డ్రైవర్లకంటూ అట్లాంటి ప్రత్యేక చట్టం లేదు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత వివరాల రక్షణ చట్టం అందరికీ కలిపి చేసింది. దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి, ముఖ్యమైన బాధ్యతలు అమలులోకి రావడానికి పద్దెనిమిది నెలల గడువు పెట్టారు. లైసెన్సులు, పర్మిట్లు ఇచ్చే పనికి సర్కారు మన అనుమతి విడిగా అడగనక్కరలేదు. కొన్ని ప్రభుత్వ విభాగాలను ఈ చట్టంనుంచి మినహాయించే అధికారమూ కేంద్రానికి ఉంది. అదే చట్టం సమాచార హక్కులోని ఒక సెక్షనును మార్చి, వ్యక్తిగత వివరాలు ఇవ్వననడం అధికారులకు సులువు చేసింది. అంటే పౌరుడు సర్కారును చూసే కిటికీ ఇరుకైంది, సర్కారు పౌరుణ్ణి చూసే కిటికీ అట్లాగే ఉంది.

అన్నీ మూసేయాలని నేననడం లేదు. జాతీయ రహదారి పక్క ఊళ్ళవాళ్ళం మనం. పొద్దున్నే పాలక్యాను తీసుకుని రోడ్డు దాటుతున్న మనిషిని పొరుగు రాష్ట్రపు లారీ గుద్ది పోయిందనుకోండి. చూసినవాడికి నంబరు మాత్రమే గుర్తుంటుంది. ఆ బండి యజమాని ఎవరో, ఇన్సూరెన్సు ఏ కంపెనీదో తెలియకపోతే ఇంట్లోవాళ్ళు నష్టపరిహారం ఎవరిని అడగాలి? అందుకే మోటారు వాహనాల చట్టం 160వ సెక్షను, పరిహారం కోరేవాళ్ళకు ఈ వివరాలు ఇవ్వడం రిజిస్టరింగు అధికారి, పోలీసు అధికారి బాధ్యత అని చెబుతుంది. ఈ సెక్షను సంగతి తెలియక బ్రోకర్లకు డబ్బిచ్చి వివరాలు తీయించుకున్న కుటుంబాలను మా వైపు చూశాను. హక్కుగా ఇవ్వవలసినవాళ్ళకు తాడు అందదు, నాబోటివాడికి ఇన్సూరెన్సు అమ్మేవాళ్ళకు ఎట్లాగో అందుతుంది. నా మోటారు సైకిలు పాలసీ గడువు తేదీ నాకంటే వాళ్ళకే బాగా జ్ఞాపకం. ఎవరిచ్చారమ్మా అని ఒకసారి ఫోనులో ఆ అమ్మాయినే అడిగాను. సిస్టంలో ఉంది సార్ అన్నది.

నవ్వుకుని ఊరుకునేవాణ్ణే. కాని నాకూ ఒక రిజిస్టరు ఉంది.

పన్నెండేళ్ళ కిందటి మాట. పదో తరగతి ఫలితాలు రాగానే బెంగళూరువైపు కాలేజీ ఒకదాని ప్రతినిధి మా బడికి వచ్చాడు. పిల్లల పేర్లు, తల్లిదండ్రుల పేర్లు, ఇంటి చిరునామాలు, ఫోను నంబర్లు కావాలన్నాడు. మంచి చదువు సంగతి గదా అనుకున్నాం. అడ్మిషను రిజిస్టరు తెరిచి నేనే దస్తూరీతో నాలుగు పేజీలు రాసి ఇచ్చాను. వారం తర్వాత ఆ కాలేజీ పేరున్న గోడ గడియారం ఒకటి మా స్టాఫు రూముకు వచ్చింది.

ఆ జూన్‌లో ఒక తల్లి వచ్చింది. భర్త కొట్టే మనిషి. కోలారు దగ్గరి ఊరు వదిలి, కూతుర్ని తీసుకుని, మా వీధి చివర రెండు గదుల ఇంట్లో ఉంటున్నది. ఆ ఇంటి నంబరు బంధువులకు కూడా చెప్పలేదు, బడిలో మాత్రం నిజం రాసింది. కాలేజీవాళ్ళ ప్రచార ఉత్తరం ఆమె చేతిలో ఉంది. దానిమీద తన పేరు, కూతురి పేరు, ఇంటి నంబరు తప్పు లేకుండా అచ్చయి ఉన్నాయి. కోపంగా మాట్లాడలేదు.

“అయ్యవారూ, ఈ ఇల్లు వీళ్ళకెట్ల తెలిసింది?” అని అడిగింది.

నేనే ఇచ్చానని చెప్పాను. ఇంకెవరికైనా ఇచ్చారా అన్నది. లేదన్నాను. వాళ్ళు ఇంకెవరికైనా ఇచ్చి ఉంటారా అన్నది. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. ఆ నెలాఖరుకు వాళ్ళు ఇల్లు మారారు. కూతురి చదువు సర్టిఫికెట్లు తీసుకుపోవడానికి వచ్చినప్పుడు, కొత్త చిరునామా గడి ఖాళీగా వదిలేస్తానంటే నేను సరేనన్నాను. నిబంధన ప్రకారం అట్లా వదలకూడదు.

ఇప్పుడు మా బడిలో ఆ రిజిస్టరు హెడ్మాస్టరు గదిలోని బీరువాలో ఉంటుంది. పక్కన ఒక నోటుబుక్కు పెట్టాము. ఎవరు, ఏ రోజు, ఎందుకోసం తెరిచారో అందులో రాసి సంతకం చేయాలి. మొదటి పేజీలో మొదటి సంతకం నాదే. గడియారం మాత్రం ఇంకా స్టాఫు రూములోనే ఉంది. నాలుగైదు నిమిషాలు వెనక నడుస్తుంది.